చప్పట్లకు తిరగని పాప

నేను మాదాపూర్‌లో ఓ ఆఫీసులో, ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే క్రెష్‌లో హౌస్‌కీపింగ్ పని చేస్తాను. ఆ రోజు మా అంగన్‌వాడీ టీచర్‌కు సర్వే డ్యూటీ పడి సెంటర్ తెరవలేదు. ఇంట్లో చూసేవాళ్లు లేక, రెండున్నరేళ్ల మా అక్షితను మియాపూర్ నుంచి వెంట తీసుకెళ్లాను.

క్రెష్‌లో ఆ రోజే పిల్లలకు చెకప్. నేను నేల తుడుస్తుంటే అక్షిత వెళ్లి వాళ్ల వరసలో కూర్చుంది. డాక్టరమ్మ ఒక్కొక్కరి వెనక నిలబడి చప్పట్లు కొడుతోంది. పిల్లలందరూ తిరిగి చూశారు. అక్షిత తిరగలేదు. డాక్టరమ్మ ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టింది. అయినా తిరగలేదు.

"ఈ పాప ఎవరిదండీ?"

ఉద్యోగం పోయిందనుకున్నాను. మాప్ కర్ర పట్టుకునే "నా బిడ్డే మేడమ్" అన్నాను.

"మాటలు రాలేదు కదా? ఎక్కడా చూపించలేదా అమ్మా?"

"మస్తు తిరిగిన మేడమ్. అంగన్‌వాడీల అడిగితే దవాఖానకు పొమ్మన్నరు. దవాఖానల, మాటలు జర లేటుగ వస్తయిలే, అంగన్‌వాడీకి పంపు అన్నరు."

డాక్టరమ్మ రాసిచ్చిన చెవుల పరీక్షలో పాపకు సరిగా వినబడదని తేలింది. ఇప్పుడు చెవి మిషన్ పెట్టారు. మాటలు నేర్పించడానికి వారం వారం రెండు బస్సులు మారి తిరుగుతున్నాను. బాగా అలసిపోయాను.

మా బస్తీలో అంగన్‌వాడీ, దవాఖాన పక్కపక్క గదులే. రెండు చోట్లా నా బిడ్డను తూకం వేశారు. వెనక నుంచి పిలిచి చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.