చామంతి తోటలో వెన్నెల హైకూలు

నా భర్త పోయి అప్పటికి ఏడాది తిరగలేదు. పుంగనూరులో నేను పాఠాలు చెప్పే బడికీ, ఇంటికీ మధ్య నడుస్తూ, వండుకుంటూ, పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ రోజులు గడిపేస్తున్నాను. ఏడుపు రాలేదు. కుప్పం ఆసుపత్రిలో గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పినప్పుడూ రాలేదు, రామకుప్పం పక్కన వాళ్ల పల్లెలో మట్టి చేసినప్పుడూ రాలేదు. మా అత్త నాకు తోడుగా వచ్చి ఉండిపోయింది. ఆమె కూడా నా ముందు ఏడవలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లు ఏడుస్తుంటే ఇద్దరం తల వంచుకుని మొహానికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లం.

మా బడిలో తెలుగు చెప్పే టీచరమ్మకు మదనపల్లె దగ్గర చామంతి తోట ఉంది. ఏటా పూలు విరగబూసే పున్నమికి తెలిసినవాళ్లను పిలిచి, చంద్రోదయం చూపించి, హైకూలు రాయిస్తుంది. వెన్నెల పండుగ అంటుంది దాన్ని. "ఊరికే వచ్చి కూర్చో, రాయకపోయినా ఎవరూ ఏమనరు" అంది నాతో.

అత్తను అడిగాను.

"ఏడాది తిరక్కనే పండగలకు పోతారా ఎవురన్నా?"

"పూజలూ అవీ ఏం లేవత్తా. చంద్రుణ్ణి చూసేది, మూడు లైన్లు రాసేది. అంతే."

"సెంద్రుణ్ణి సూసేదానికి మదనపల్లెకు పోవల్లనా? ఈడ రాడా?" అంది. కాసేపటికి తనే చీర మార్చుకుని వచ్చింది. "ఒక్కదానివే యాల పోతావు, పద."

తోటలో మళ్ల మధ్య చాపలు పరిచారు. పొద్దు గుంకుతుండగానే కొండ మీదుగా చంద్రుడు వచ్చాడు. అందరూ ఒక్కసారిగా 'ఆహా' అన్నారు. నాకేమీ అనిపించలేదు. చేతిలో అట్టముక్క, పెన్ను. పదిహేడు అక్షరాలు చాలు. వెండి పళ్లెం అని రాసి కొట్టేశాను. ఆయన మొహం అని రాయబోయి ఆగాను. చూస్తే ఆయన మొహంలా లేదు. లేని పోలిక ఉన్నట్టు రాయబుద్ధి కాలేదు.

అత్త నా పక్కన కాళ్లు చాపుకుని కూర్చుంది.

"ఎంత ఎలుతురుగా ఉండాదో. రాగి సేన్లోకి ఏనుగొచ్చినా కనపడతాది" అంది. కొంచెం ఆగి, "ఈపొద్దు మావోడికి బయం లేదులే మంచె మీద" అంది.

ఆయన చిన్నప్పుడు వాళ్ల నాన్నతో మంచె మీద కాపలా పడుకునేవాడని నాకు తెలుసు. ఆమె 'ఈపొద్దు బయం లేదు' అన్నది, ఆయన ఇంకా ఆ మంచె మీదే ఉన్నట్టు. నేను సరిచేయలేదు. ఆమె మాటను కుదించి రాసి ఇచ్చాను.

నిండు వెన్నెల
రాగి చేలో ఏనుగు
కనిపిస్తుంది

టీచరమ్మ చదివితే చప్పట్లు కొట్టారు. "నిజంగా వస్తాయామ్మా మీ ఊర్లోకి?" అని ఒకాయన అడిగాడు. "వస్తాయప్పా, సేనంతా తొక్కిపోతాయి" అని చెప్పింది అత్త. ఆమె మొహంలో సంతోషమూ లేదు, బాధా లేదు. నా మొహమూ అట్లాగే ఉండి ఉంటుంది.

పుంగనూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, బయటికే చూస్తూ అడిగింది.

"నీకు ఏడుపొచ్చిందా, అమ్మా?"

"ఇప్పుడా అత్తా?"

"ఇప్పుడని కాదు. వాడు పోయినాక."

"రాలేదత్తా."

"నాకూ రాలే. కన్నదాన్ని, నాకే రాలేదు. నువ్వేమనుకుంటావో అని కొంగు పెట్టుకుంటాండా."

"నేనూ అంతే."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. చలికి వేళ్లు గట్టిపడి ఉన్నాయి. బస్సు దిగేదాకా వదల్లేదు.

ఆ తర్వాత కూడా మాకు ఏడుపు రాలేదు. కానీ ఆ వారంలో వాళ్ల చుట్టాలావిడ వచ్చి గడపలోనే గొల్లుమంటే, అత్త తల వంచుకోలేదు. "కూసోమ్మా, టీ తాగుదువు" అంది. నేను పాలు పెట్టడానికి లోపలికి వెళ్లాను.