తెల్లాపూర్ గేటు దగ్గర సగం పేజీ

నరేందర్‌కు కోపం వస్తే ముందు కీబోర్డు చచ్చేది. నాలుగేళ్లు అతని పక్క సీట్లో కూర్చున్నాను కాబట్టి నాకు తెలుసు: నాలుగు కీబోర్డులు, ఒక మానిటరు, క్యాంటీన్ తలుపు అద్దం. ఒకసారి క్లయింటు తరఫున వచ్చిన పెద్దమనిషి "మీ లోకల్ వాళ్లకు పని చేతకాదు" అన్నందుకు, కాలరు పట్టుకుని లిఫ్టు దాకా ఈడ్చుకుపోయాడు. అయినా ఉద్యోగం పోలేదు. అంత వేగంగా యాప్ పేజీలు రాసేవాడు మా ఫ్లోర్‌లో మరొకడు లేడు మరి. పాలిచ్చే గేదె తన్నినా పడాలని మా మేనేజర్ వెంకట్ సిద్ధాంతం.

అతను పుట్టింది నానక్‌రామ్‌గూడలో, మా ఆఫీసు కిటికీలోంచి చూస్తే కనిపించే ఇరుకు గల్లీలో. తండ్రి తాలీంలో కుస్తీలు పట్టిన మనిషి, నోటికంటే ముందు బెల్టు ఆడేది. తొమ్మిదో తరగతిలో ఒక రోజు నరేందర్ ఆ బెల్టు లాక్కుని తండ్రిని గోడకేసి గుద్దాడు. ఆ రోజే ఇంట్లోంచి గెంటేశారు. మేనత్త బుచ్చమ్మ చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకుపోయింది. ఆమె పెద్దకొడుకు మొగిలి తన కంచంలో సగం, తన దుప్పట్లో సగం ఇచ్చాడు. "మా బావ లేకుంటే నేను ఎప్పుడో జైల్ల ఉండేటోన్ని" అని నరేందర్ ఎన్నిసార్లు అన్నాడో.

మొగిలి కరెంటు పని నేర్చుకున్నాడు. నరేందర్ పాలిటెక్నిక్ చదివి మా కంపెనీలో చేరాడు. గేటెడ్ కమ్యూనిటీలకు గేటు దగ్గర వాడే యాప్ చేయడం మా పని. తెల్లాపూర్‌లో ఒక పెద్ద కమ్యూనిటీ మా యాప్ పెట్టించుకుంది. దాన్ని బిగించడానికి వెళ్లిన నరేందరే, అక్కడి వాళ్లకు చెప్పి బావకు వైరింగ్ పని ఇప్పించాడు.

మా పని సంగతి కాస్త చెప్పకపోతే తర్వాత పారిన రక్తం ఎందుకు పారిందో తెలియదు. గార్డు చేతిలో ట్యాబ్ ఉంటుంది. వచ్చినవాడి ఫోన్ నంబరు కొడితే అతని పేజీ వస్తుంది. పేజీ అచ్చు మా దగ్గర ముందే ఉంటుంది, దాన్ని టెంప్లేట్ అంటాం. అందులోని ఖాళీల్లో పేరు, ఫొటో, అక్కడి ఇళ్లవాళ్లు అతని గురించి రాసిన మాటలు వచ్చి కూర్చుంటాయి. చిక్కంతా ఆ రాసిన మాటలతోనే. ఎవడైనా వాటి మధ్య యంత్రానికి ఆజ్ఞలు దాచి రాస్తే, పేజీ వాటిని నమ్మి అమలు చేసేస్తుంది. అందుకని బియ్యంలో రాళ్లు ఏరినట్టు ప్రతి అక్షరాన్నీ చూసి, ప్రమాదమైనదాని కోరలు పీకి లోపలికి పంపే పనిముట్టు ఒకటి ఉంటుంది. ఆ పని పేరు ఎస్కేప్ చేయడం. ఏ అక్షరమైనా అర్థం కాకపోతే అది అక్కడే ఆగి అరుస్తుంది. ఆ అరుపే ఎర్రర్. అరిచినప్పుడు ఏం చేయాలో ముందే రాసిపెట్టడం మా బాధ్యత.

నరేందర్ దాని నోరు నొక్కేశాడు.

ఉత్తపుణ్యానికి కాదు. ఒకసారి డెమోలో, కమ్యూనిటీ పెద్దలందరి ముందు, తెర నిండా ఎర్రర్ వచ్చి పరువు పోయింది. వెంకట్ మొహం మాడిపోయింది. "ఏం జరిగినా సరేనండి, తెర మీద ఎర్రర్ మాత్రం కనపడకూడదండి" అని శాసనం చేశాడు. సాయంత్రానికల్లా నరేందర్ రాసి పడేశాడు: అరుపు వస్తే పట్టుకో, ఎవరికీ చెప్పకు, ఎక్కడా రాసిపెట్టకు, అప్పటికి ఎంత పేజీ తయారైతే అంతే పంపెయ్.

నేను టెస్టర్‌ని. తప్పులు పట్టడమే నా కూడు. తెలుగులో రాసి చూశాను. ట్యాబ్ తెర చిన్నది కాబట్టి, రాసిన మాటలను రెండు వందల ముక్కల దగ్గర కోసేస్తాం. యంత్రం లెక్కలో ఇంగ్లీషు అక్షరం ఒక ముక్క. తెలుగులో అక్షరానికీ గుణింతానికీ దేనికది మూడేసి ముక్కలు. కోత మధ్యలో పడితే అక్షరం విరిగి సగం మిగులుతుంది. విరిగిన అక్షరం చాటున ఆజ్ఞలు దాచడం దొంగల పాత విద్య. అందుకని ఎస్కేప్ చేసే పనిముట్టు దాన్ని చూడగానే ఆగి అరుస్తుంది, అరుపు మనం వినం, పేజీ సగంలో తెగుతుంది. "పేజీ మొత్తం తయారయ్యాకే పంపు. కాకపోతే కాలేదని గార్డుకు చెప్పు" అని నరేందర్‌కు రాసి పెట్టాను.

"గేటు కాడ తెలుగుల ఎవడు రాస్తడు హరితా? జర ఊకో" అన్నాడు.

చుట్టూ అందరం తెలుగువాళ్లమే. తెలుగువాళ్ల గేటు, తెలుగు గార్డు. అయినా ఆ మాటకు పక్క సీట్లవాళ్లు నవ్వారు. అతను నా ఫిర్యాదును మూసేశాడు, నేను ఊరుకున్నాను. నా మీద నాకు ఆ మంట ఇంకా చల్లారలేదు.

తెలుగులో రాసే మనిషి ఆ కమ్యూనిటీలోనే ఉంది. పేరు రాజరాజేశ్వరి, భీమవరంలో తెలుగు పంతులమ్మగా చేసి రిటైరైంది. ఆమె గొలుసు కనిపించకపోతే, ఇంట్లో ఫ్యాన్ బిగించి వెళ్లిన మొగిలి మీద ఆమె కొడుకు యాప్‌లో దొంగతనం ఫిర్యాదు పెట్టాడు. రెండు రోజులకు గొలుసు దేవుడి గూట్లో పట్టుబట్ట కింద దొరికింది. ఆవిడ నొచ్చుకుని ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. పైగా తన చేత్తో యాప్‌లో ఉత్తరమే రాసింది: "గౌరవనీయులైన సంఘ అధ్యక్షుల వారి దివ్య సముఖమునకు, నమస్కరించి వ్రాసుకొను విన్నపము ఏమనగా..." మర్యాద తెలిసిన ఉత్తరం అసలు సంగతికి రావడానికి సమయం పడుతుంది. విన్నపము అన్న మాట నడుమే మా కత్తెర పడింది.

ఆదివారం పదకొండింటికి మొగిలి పనిసంచీతో గేటు దగ్గరికి వచ్చాడు. గార్డు నర్సింహ నంబరు కొట్టాడు. పైన ఎర్రపట్టీ, మొగిలి ఫొటో, "ఆపండి: దొంగతనం ఫిర్యాదు." దాని కింద "ఫిర్యాదు చేసినవారి మాట" అన్న శీర్షిక. ఆపైన తెల్లటి తెర. ఆ ఉత్తరం, దాని కింద ఉండాల్సిన "ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు, లోపలికి పంపండి" అన్న పచ్చపట్టీ, రెండూ లేవు.

ఆపమని వచ్చిన ప్రతి పేజీనీ ఫొటో తీసి కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో పెట్టాలని గార్డులకు ఉత్తర్వు. నర్సింహ పెట్టాడు, ఈల ఊదాడు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమనే జాతి మనది. గ్రౌండ్‌లో క్రికెట్ ఆడుతున్నవాళ్లు ఫోన్లు చూసుకుని బ్యాట్లతో సహా వచ్చారు. మొగిలి "నేను ఫోన్ చేస్త, మేడమ్‌ను అడుగున్రి" అని జేబులో చెయ్యి పెట్టాడు. కత్తి తీస్తున్నాడని ఎవడో అరిచాడు. మొదటి దెబ్బ మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నర్సింహకు గేటు గదిలోకి వినపడిందట. కింద పడ్డాక ఎనిమిది మంది తన్నారు. బనీన్లు, స్పోర్ట్స్ బూట్లు, అందరూ చదువుకున్నవాళ్లే. ఒకడు బ్యాటు అంచుతో ఎడమ చెవి మీద కొట్టాడు. రాజరాజేశ్వరి మూడో అంతస్తు నుంచి చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చి "ఆయన దొంగ కాదండీ! గొలుసు దొరికిందండీ! రాశానండీ, రాశాను!" అని అరిచేసరికి, కొట్టినవాళ్లు ఒక్కొక్కరే బ్యాట్లు చంకన పెట్టుకుని జారుకున్నారు.

సోమవారం పొద్దున వెంకట్ అందరికీ ఉత్తరం పంపాడు. మా దగ్గర దాచిన సమాచారంలో ఆవిడ ఉత్తరం పూర్తిగా ఉందట, ఫిర్యాదు వెనక్కి తీసుకున్నట్టూ ఉందట. కాబట్టి పేజీ సరిగ్గానే వచ్చిందట, గార్డే చదవకుండా ఈల ఊదాడట. ఎర్రర్ వచ్చినట్టు ఎక్కడైనా ఆనవాలు ఉందా అని చూశారు. ఏమీ లేదు. ఎలా ఉంటుంది? ఉండకూడదనేగా రాసింది.

నరేందర్ వెంకట్ ఉత్తరాన్ని ఫోన్‌లో, దవాఖానలో మొగిలి మంచం పక్కన నిలబడి చదివాడు. మొగిలికి ఇంకా స్పృహ సరిగ్గా లేదు. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టు, తల చుట్టూ కట్టు.

"సదవకుండనే ఊదిండట అత్తా. మా కంపెనోళ్లే రాసిన్రు" అన్నాడు.

బుచ్చమ్మ కళ్లు తుడుచుకోలేదు. "నా కొడుకు చెయ్యి ఇరిగినట్లే వాని చెయ్యి ఇరగాలె" అంది.

అంతే చాలు. నరేందర్, మొగిలి తమ్ముడు రవీందర్, అతని దోస్తులు ఇద్దరు, మిట్టమధ్యాహ్నం తెల్లాపూర్ పోయారు. నర్సింహను పొద్దున్నే పనిలోంచి తీసేశారు. గార్డులుండే రేకుల గదిలో బట్టలు మూట కట్టుకుంటున్నాడు. యాభై దాటిన మనిషి. నరేందర్ ఒక్క మాట అడగలేదు. గుద్దితే ముందుపళ్లు రెండు ఊడి గడప మీద పడ్డాయి. మనిషి కూలబడ్డాక ఇనుపరాడ్ తీసుకుని మోకాలి మీద కొట్టాడు. రాడ్ మళ్లీ లేపాడు. ఈసారి గురి చెయ్యి.

"సదివిన బిడ్డా! ఉన్నదంతా సదివిన! గింతే ఉండె, గింతే!" అని నర్సింహ నోట్లోంచి రక్తం కారుతుండగా ఫోన్ ఎత్తి చూపించాడు. ఆదివారం గ్రూపులో పెట్టిన ఫొటో.

నరేందర్ రాడ్ గాలిలోనే ఆగింది. ఎర్రపట్టీ చూడలేదు, మొగిలి ఫొటో చూడలేదు. అట్టడుగున చూశాడు. మా ప్రతి పేజీలోనూ చివరి వరుస కంపెనీ గుర్తు. దాన్ని అక్కడ పెట్టింది అతనే. ఫొటోలో ఆ గుర్తు లేదు. పేజీ సగంలో తెగితే తప్ప అది పోదు. తెగిన సగాన్ని చప్పుడు చేయకుండా పంపమని రాసింది ఎవరో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఏముంది బావా దాంట్ల?" అన్నాడు రవీందర్, కర్ర ఊపుతూ.

ఆ క్షణం గురించి నరేందర్ నాకు తర్వాత చెప్పాడు. లాక్కున్న ఫోన్ తన చేతిలో ఉంది. నేలకేసి కొడితే చాలనుకున్నాడట. గ్రూపులో ఫొటోను పెద్దలు అప్పటికే తీసేశారు. ఆఫీసులో ఆనవాలు లేదు. ఆ ముసలాయన మాట ఎవరు నమ్ముతారు? చెయ్యెత్తాడు కూడా. నర్సింహ ఆ చేతిని చూసి, దెబ్బ తనకే అనుకుని, తల రెండు చేతుల మధ్య దాచుకున్నాడు. నరేందర్ చెయ్యి దించి, ఫోన్ ఆయన ఒళ్లో పెట్టాడు. రాడ్ పక్కన పారేశాడు.

"ఈన తప్పు లేదురా. పేజీ సగమే వచ్చింది" అన్నాడు రవీందర్‌తో. "మిగిలిన సగం ఆగింది నా వల్లనే."

"ఏంది? నువ్వు ఆపినవా?"

"అక్షరం ఇరిగితే అది అరుస్తది. అరిస్తే సప్పుడు చెయ్యకు అని రాసిన. రాయకుంటే, ఆడ మొత్తం పేజీ పోయి, తయారు కాలేదని ఒక్క ముక్క వస్తుండె. ఈన ఈల ఊదకపోతుండె. హరిత చెప్పింది. నేనే ఇనలే."

రవీందర్‌కు అక్షరం విరగడమేంటో అర్థం కాలేదు. నేనే అన్న మాట అర్థమైంది. కర్రతో మొదట భుజం మీద కొట్టాడు, తర్వాత దవడ మీద. "మా అమ్మ బువ్వ తిన్నవ్ గదరా!" అని ఏడుస్తూ కొట్టాడు. నాలుగు కీబోర్డులు పగలగొట్టిన మనిషి చెయ్యి ఎత్తలేదు. దోస్తులు లాగేదాకా పడ్డాడు. తర్వాత నర్సింహను తనే భుజాన వేసుకుని రోడ్డు దాకా మోసి, ఆటో ఎక్కించి, అదే దవాఖానకు తెచ్చాడు. దారిలో ఠాణా దగ్గర ఆపి, పేజీ సంగతి, రాడ్ సంగతి రెండూ రాసి సంతకం పెట్టాడు. నర్సింహకు చికిత్స అయ్యేదాకా అరెస్టు ఆపి, నరేందర్ వెంట ఒక కానిస్టేబుల్‌ను పంపారు. వెంకట్‌కు కూడా అదే రాసి పంపాడు. పది నిమిషాల్లో నరేందర్ ఆఫీసు లాగిన్ ఆగిపోయింది.

అతను ఫోన్ చేస్తే నేను దవాఖానకు వెళ్లాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమని తిట్టడానికే వెళ్లాను. చూస్తే అతని మొహం పోల్చుకునేలా లేదు. ఒక కన్ను మూసుకుపోయింది, దవడ వాచి మాట ముద్దగా వస్తోంది. కానిస్టేబుల్ వార్డు తలుపు దగ్గర నిలబడ్డాడు. బుచ్చమ్మకు రవీందర్ అప్పటికే చెప్పినట్టున్నాడు. నరేందర్ రాగానే ఆమె లేచి, చెంగు దులుపుకుని వరండాలోకి వెళ్లిపోయింది.

మొగిలికి తెలివి వచ్చింది. నరేందర్ మంచానికి ఎడమ పక్క నిలబడి, రెయిలింగ్ పట్టుకుని, మొత్తం చెప్పాడు. తెగిన పేజీ, నొక్కిన ఎర్రర్, నేను చెబితే నవ్విన నవ్వు, నర్సింహ పళ్లు. ఏదీ దాచలేదు. దవడ నొప్పికి మధ్యలో రెండుసార్లు ఆగాడు. మొగిలి పైకప్పు వైపే చూస్తూ ఉన్నాడు.

అంతా అయ్యాక మొగిలి తల తిప్పి చూశాడు. "నువ్వెప్పుడొచ్చినవ్ ర? ఆ దిక్కు ఇనపడ్తలేదు. ఏమన్న చెప్పినవా? ఇటు రా."

నరేందర్ మంచం చుట్టూ తిరిగి కుడివైపుకు వెళ్లి, మొదటి నుంచి మళ్లీ చెప్పాడు.

ఈసారి మొగిలి విన్నాడు. నర్సింహ పళ్ల దాకా విన్నాడు. ఆ తర్వాత మెల్లగా, కట్టు కట్టిన చేతిని కాపాడుకుంటూ, నరేందర్ వైపుకే ఒత్తిగిల్లి, వినపడే కుడి చెవిని దిండుకు ఆనించి కళ్లు మూసుకున్నాడు. నరేందర్ క్షమించమని అడగడం ఇంకా మిగిలే ఉంది.