ఎస్తేరక్క కోసం నేనడిగిన ప్రార్థన

ఇరవై ఏళ్లుగా దీన్ని మోస్తున్నాను. దించుకునే చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

నా రెండు చేతుల మీదా బొల్లి మచ్చలున్నాయి. లాలాగూడలోని మా చర్చిలో ప్రేమ విందు జరిగిన ఓ ఆదివారం నేను అన్నం గరిటె పట్టుకోగానే, స్త్రీల సమాజానికి పెద్ద అయిన ఎస్తేరక్క అందరి ముందూ దాన్ని లాక్కుంది. "నువ్వొద్దు చెల్లె, పోరగాళ్లు తినే అన్నం" అంది. అంతకు ముందు వారమే మేమంతా వెళ్లి కుష్ఠు రోగులకు పళ్లు పంచి వచ్చాం. వాళ్ల తలల మీద చెయ్యి పెట్టి ప్రార్థించింది ఈ ఎస్తేరక్కే. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఆరలేదు. నేనే ఆరనివ్వలేదు.

అప్పుడు నేను చిలకలగూడలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వచ్చిన కుర్రాళ్లు ఆరోగ్య పరీక్షల కోసం మా ల్యాబ్ ముందు బారులు తీరే రోజులవి. ఒక ఉదయం ఆ బారులో ఎస్తేరక్క కొంగు నెత్తి మీదకి లాక్కుని నిలబడింది. భర్త పోయి నాలుగు నెలలు. నన్ను చూసి వెనక్కి తిరగబోయి, ఆగి, చెయ్యి చాపింది. రక్తం నేనే తీశాను. రిపోర్టూ నేనే చూశాను. హెచ్‌ఐవీ.

నిజం చెప్పనా? సంతోషం వేసింది.

ఆ సంగతి ఎవరికీ చెప్పకూడదు. కానీ చెప్పడానికి మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. శుక్రవారం గృహ ప్రార్థన ముగిసే ముందు ప్రార్థన అవసరతలు, అంటే ఎవరి కోసం ఏమని ప్రార్థించాలో, అడుగుతారు. ఎస్తేరక్క రాలేదని చూసుకుని మరీ లేచాను. కళ్లనీళ్లు పెట్టుకుని, అక్క కోసం ప్రార్థించండమ్మా అంటూ జబ్బు పేరుతో సహా చెప్పేశాను. అందరూ ఏడ్చారు. అంత ఆర్తిగా చేసిన ప్రార్థన నేనెప్పుడూ వినలేదు.

ఆ వచ్చిన ఆదివారం ప్రభు భోజన సంస్కారం. మా చర్చిలో ద్రాక్షారసం అందరికీ ఒకటే పాత్రలో ఇస్తారు. ఎస్తేరక్క వెళ్లి మోకరించింది. ఆమె పక్కన ఎవరూ మోకరించలేదు. పాస్టరు అయ్యగారు ఆమెకు పాత్ర అందించి, ఆమె తాగాక అందులోనే తానూ తాగారు. అయినా ఎవరూ కదల్లేదు. పాత్రతో ఆ జబ్బు రాదని అక్కడ అందరికంటే బాగా తెలిసినదాన్ని నేనే. లేచి ఆమె పక్కన మోకరిస్తే సరిపోయేది కదా? కూర్చునే ఉన్నాను.

బయట గేటు దగ్గర ఆమె నన్ను ఆపింది.

"గిన్నెతోని అంటదని నీకెరుకే గదా? ఒక్క మాట చెప్పకపోతివి."

"నా మచ్చలు అంటయా? ఆనాడు నీకు సుత ఎరుకే ఉండె."

ఆమె తల దించుకుంది. "తప్పయింది చెల్లె. మాఫ్ చెయ్" అని నా చెయ్యి పట్టుకోబోయింది. నేను వెనక్కి జరిగాను. "ఇంటికి పో అక్కా" అన్నాను.

ఆమె మళ్లీ చర్చికి రాలేదు. రెండేళ్లకు నేరేడ్‌మెట్‌లో పోయిందని తెలిసింది. సమాధి కార్యక్రమానికి నేను వెళ్లలేదు.

చేసింది తప్పని తెలుసు. ఆమెను తలచుకుంటే ఇప్పటికీ పళ్లు నూరుతాను, అదీ నిజమే. రెండూ ఒక్క మనిషిలోనే ఎలా ఉంటాయని నన్ను అడగకండి, నాకూ తెలియదు. క్షమించమని మాత్రం మిమ్మల్ని గానీ దేవుణ్ణి గానీ అడగను. ఆమె నోరు తెరిచి అడిగితే నేనివ్వలేదు, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడుగుతాను? చెప్పానంతే. ఊపిరి కాస్త ఆడుతోంది.