విదియ దాకా ఆగిన ఇన్సూరెన్సు

పోయినవాటిని ముందు రాసేస్తాను. ముందు అద్దం 19,400. బానెట్ 21,600. వైపర్లు రెండు, 1,850. రంగు, కూలి కలిపి 9,500. ఐరాల దగ్గరున్న మా ఊరి నుంచి తిరుపతి షెడ్డుకు బండిని లారీ మీద ఎక్కించుకుపోయినందుకు 4,500. దాన్ని చూసి రావడానికి నేను ఎక్కిన బస్సులకు 1,150. షెడ్డులో కదలకుండా నిలబడిన నలభై ఏడు రోజులకు రోజుకు అరవై చొప్పున దండగైన ఇన్సూరెన్సు 2,820. మొత్తం 60,820 రూపాయలు. ఇందులోంచి ఏడు టెంకాయలు అమ్మగా వచ్చిన 175 తీసేస్తే 60,645. పగిలిన రెండు టెంకాయలను పచ్చడి చేసుకున్నాం కాబట్టి వాటిని ఎటువైపూ వేయలేదు.

నేను చదివింది తొమ్మిదో తరగతి. లెక్కలు నేర్చుకున్నది మాత్రం చిత్తూరు మామిడి మండీలో, తూకం చీటీలు రాస్తూ. మా మామిడితోట వాగుకు అవతల గుట్ట మీద ఉంది. ట్రాక్టరు తప్ప ఏదీ అక్కడికి ఎక్కదు. నాలుగు చక్రాలూ లాగే జీపు ఒకటి కొత్తగా వచ్చిందనీ, రాళ్ళకూ ఇసుకకూ జంకదనీ విన్నాక నాకు నిద్ర పట్టలేదు. దాచుకున్నదంతా ఊడ్చి ముందు కట్టాను. మిగతాది బ్యాంకు అప్పు. నా భార్య ఒకటే షరతు పెట్టింది.

"జీపు కొంటావో, విమానం కొంటావో నీ ఇష్టం. నా ఆవు దుడ్లు మాత్రం ముట్టుకోవద్దు."

ఆవు దుడ్లంటే, మూడేళ్ళుగా పాలకేంద్రానికి పాలు పోసి, రెండో ఆవు కోసం ఆమె కూడబెట్టిన యాభై వేలు.

తిరుపతి షోరూములో ఇన్సూరెన్సు దగ్గర చిక్కొచ్చింది. ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి కట్టేది తప్పనిసరి, అది అక్కడే కట్టేశాను. మన బండికి జరిగే నష్టానికి కట్టేది విడిగా ఎక్కడైనా తీసుకోవచ్చు. దానికి అక్కడి అమ్మాయి ఏడాదికి 38,600 అడిగింది.

"కొత్త మోడల్ కదా సార్. ఇంతకుముందు ఎన్ని గుద్దుకున్నాయో లెక్కలు లేవు. అందుకే ఎక్కువ."

"లెక్కల్లేవంటే ఇంకా ఒక్కటీ గుద్దుకోలేదనే కదమ్మా? తక్కువ కదా కావాల్సింది?"

ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి మేనేజరును పిలుచుకొచ్చింది. ఆయన నా మాట విని, నాకు కాఫీ ఇప్పించాడు కానీ రూపాయి తగ్గించలేదు.

తొమ్మిది చోట్ల అడిగి, తొమ్మిది ధరలూ నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఒకచోట కంప్యూటరులో మా జీపు పేరే లేదు. "ట్రాక్టరని ఎక్కిద్దామా అన్నా?" అని అడిగారు. ఏర్పేడులో చాలా తక్కువకు దొరికింది గానీ, అది పెద్ద కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్ళకే ఇచ్చే ధర. చివరికి చిత్తూరు కోర్టు ఎదురుసందులో ఉన్న ఏజెంటు 21,900 చెప్పాడు. వెంటనే 365తో భాగించాను. సరిగ్గా అరవై, శేషం సున్నా. అంత చక్కగా తెగిన భాగహారాన్ని కాదనడం నావల్ల కాలేదు.

అది సోమవారం. మధ్యాహ్నం తిరుపతిలో బండి తీసుకోవాలి.

"ఇప్పుడే కట్టేయన్నా," అన్నాడు ఏజెంటు. "మంగళవారం పుట్టినప్పట్నించే పాలసీ మొదలైపోతాది."

గోడమీది క్యాలెండరు చూశాను. "రేపు అమావాస్య కదబ్బా."

"అయితే ఇంకా మంచిదన్నా! మా అరవోళ్ళు అమావాస్యకు కొత్త అంగడే తెరుస్తారు."

"మీకు మంచిది. మాకు పనికిరాదు."

"సరే, బుధవారం?"

"పాడ్యమి."

"పాడ్యమి ఏం పాపం చేసిందన్నా?"

"గురువారం విదియ. ఆ పొద్దు నుంచి రాయి."

"రెండు దినాలు బండికి దిక్కుండదన్నా."

"కదిలిస్తే కదా?"

అతను పెన్ను మూత తీసి గురువారం తేదీ వేశాడు. "పెండ్లికి తిథి సూసేటోళ్ళను సూసినా. ఇన్సూరెన్సుకు సూసేటోణ్ణి నిన్నే సూసినా."

నిజానికి బండి తీసుకున్న సోమవారం చతుర్దశి. అదీ మంచిది కాదు. కానీ షోరూములో పదివేల తగ్గింపు ఆ రోజుతో ముగుస్తుంది. పదివేల పక్కన నిలబెడితే చతుర్దశి అంత చెడ్డగా కనిపించలేదు. తిరుపతి నుంచి ఇంటిదాకా ముప్పై దాటకుండా తోలుకొచ్చాను. దారిలో ఒక జొన్నకంకుల బండి మమ్మల్ని దాటిపోయింది.

ఇంటిముందు నీడ రెండుచోట్ల ఉంటుంది. వేపచెట్టు కింద పెడితే కాకులు కొత్త రంగును బతకనివ్వవు. అందుకని టెంకాయ చెట్టు కింద పెట్టాను.

"ఆడొద్దు," అంది నా భార్య. "ఆ గెల ఎండిపోయి ఊగులాడతా ఉండాది."

"మే, ఆ చెట్టుకు ఏడాదికి మహా అయితే ఐదు గెలలు వాటంతట అవి పడతాయి. రెండు దినాల్లో ఒకటి పడాలంటే ముప్పై ఆరున్నరలో ఒక వంతు. పడినా నాలుగు దిక్కుల్లో ఈ దిక్కునే పడాల. అంటే నూట నలభై ఆరులో ఒక వంతు."

"ఆ వంతు ఎప్పుడొస్తాదో కూడా రాసుకుంటివా?"

అది బుధవారం సాయంత్రం నాలుగు గంటలకు వచ్చింది. వానకు ముందు లేచే గాలి ఒక్కసారి విసిరింది. మట్టతో సహా గెల ఊడి బానెట్ మీద పడింది. కాయలు తొమ్మిది. రెండు అద్దంలో దూరాయి, ఏడు ముంగిట్లో దొర్లాయి. నేను వసారాలో కూర్చుని అంతా చూశాను. నోటుపుస్తకం ఒళ్ళోనే ఉంది.

ఏజెంటుకు ఫోను చేశాను.

"ఇంకా ఎనిమిది గంటలుండాదన్నా పాలసీకి," అన్నాడు. "మా అమావాస్యకే మొదలుపెట్టుంటే..." అని మొదలుపెట్టి, పాపం తనే ఆపేశాడు.

పక్కింటాయన ఉపాయం చెప్పాడు. "టార్పాలిన్ కప్పేయప్పా. రేపు పొద్దున తీసి, ఇప్పుడే పడిందని అరువు. మేమంతా పరిగెత్తుకొస్తాం."

నేను ఆ పని చేయలేదు. దాన్ని నా గొప్పతనం కింద రాసుకోను. అప్పటికే బడి పిల్లలు, పాలకేంద్రం వాళ్ళు, చీటీల పెద్దమనిషి, అందరూ వచ్చి చూసి, ఫొటోలు తీసుకునిపోయారు. పైగా తూకం చీటీలో ఒకరోజు సరుకును ఇంకొకరోజు రాయడం నాకు చేతకాదు.

తిరుపతి షెడ్డులో బానెట్ లేదు. చెన్నైలోనూ లేదు. కొత్త మోడల్ కాబట్టి అమ్మడానికి బండ్లు వచ్చాయి కానీ, మార్చడానికి సామాన్లు ఇంకా రాలేదట. నలభై ఏడో రోజున బానెట్ వచ్చింది. లారీతో కలిపి కట్టాల్సింది 56,850. నా దగ్గర ఉన్నది 6,850.

నేను అడగలేదు. రెండు రోజులు అన్నం ముందు కూర్చుని ఊరుకున్నాను. మూడో రోజు నా భార్య పాస్‌బుక్కు తెచ్చి కంచం పక్కన పెట్టింది.

"యాభై వేలు. వడ్డీ వద్దు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పాలు కట్టు సాలు," అంది.

"ఏం పాలు?"

"ఆ ఆవు కొనుంటే దినానికి ఆరు లీటర్లు. లీటరు ముప్పై ఐదు, రెండువందల పది. మేతకూ తవుడుకూ నూటిరవై తీసేయి. దినానికి తొంబై నాకు పోతా ఉండాది. నీ జీపు కోసమే కదా?"

నేను రెండుసార్లు సరిచూశాను. ఎక్కడా తప్పు దొరకలేదు. నా పక్కన కూర్చుని ఇరవై రెండేళ్ళుగా ఆమె ఏం వింటూ ఉందో అప్పుడు తెలిసింది.

ఆ సీజనులో మామిడికాయ ధర కోతకూలికే సరిపోయింది. బ్యాంకు కిస్తీ పోగా నెలకు మూడు వేలు తెచ్చి ఆమె చేతిలో పెడుతున్నాను. అందులో పాలకింద 2,700 పోతుంది. అసలులో తగ్గేది మూడువందలు. కొట్టంలో రెండో ఆవును కట్టాల్సిన గూటం దగ్గర ఇంకా కట్టెలే పేర్చి ఉన్నాయి. పద్నాలుగు నెలలుగా ఒక్క నెలా తప్పలేదు. ఈరోజుకు ఆమెకు నా బాకీ 45,800 రూపాయలు.