వాన రాకుండా పాతిన పుల్ల

మలయ్ దేశంలోని ఇపో పట్టణంలో ఒక పెళ్ళివారింటి ముందు నేను చేసిన పనిని బంధువులు తలకొక విధంగా చెబుతున్నారు. కనుక యథార్థాన్ని నేనే వ్రాయవలసి వచ్చింది.

పెళ్ళికూతురి తల్లి సింహాచలం నాకు దూరపు చుట్టం. డేరా పక్కన ఆరుబయట వంటలు పెట్టించింది. ఇంతలో ఆకాశం నల్లబడింది.

"ఈ నెల్లో వానలుండేవి కావు బాబాయ్. ఇప్పుడు ఎప్పుడు పడితే అప్పుడే! వంటలు తడిసిపోతే మగపెళ్ళివోళ్ళకేటి పెడతాను?"

భూగోళశాస్త్రం బోధించినవాణ్ణి కనుక, మధ్యధరా తీరాలలో సైతం శీతకాలపు వానలు అదను తప్పుతున్నాయనీ, మార్పును నిర్ధారించడానికి కనీసం ముప్పయ్యేళ్ళ వర్షపాతం పరిశీలించాలనీ వివరించాను.

"ముప్పయ్యేళ్ళేటి బాబాయ్! ముహూర్తం గంటలో ఉంది లా! ముందు ఇది పాతు," అని ఇక్కడివారి ఊతపదం 'లా' తగిలించి అంటూ ఎర్ర మిరపకాయలూ ఉల్లిపాయలూ గుచ్చిన పుల్లను చేతికిచ్చింది. వాన రాకుండా మలయ్ ఇరుగుపొరుగువారు ఇలా పాతుతారు. వారిని చూసి మనవాళ్ళూ నేర్చుకున్నారు. ఆమె ఇంట పెద్దవాళ్ళే పాతాలట.

నిరాకరించబోయాను. కాని ఆమె అప్పటికే కొంగు తీసి వంటపాత్ర మీద కప్పుతోంది. పాతాను.

"వంకరగా ఉన్నాది తాతా," అన్నది పెళ్ళికూతురు. వంకర నేను సహించను. పెరికి, నిటారుగా మళ్ళీ పాతాను.

వాన పక్క వీధిలో కురిసి వెళ్ళిపోయింది. ఇది కేవలం కాకతాళీయం. నా శాస్త్రంలో దోషాలుంటే పాఠకులు నిర్మొహమాటంగా సరిదిద్దవలసిందిగా ప్రార్థన. అయితే మాఘమాసం వెళ్ళాక వ్రాయండి. ఆ మాసంలో జరిగే సింహాచలం రెండో కూతురి పెళ్ళికీ పుల్ల నన్నే పాతమన్నది.