హీరోగారు వణికిన సీను

ఆ రోజుల్లో హైదరాబాదులో ఏ గోడ చూసినా జావా నేర్పుతామనే కాగితాలే. నా ఈడువాళ్లంతా కంప్యూటర్ల ముందు చేరుతుంటే, నేను మాత్రం ఫిల్మ్‌నగర్‌లో ఒక రచయితగారి దగ్గర సీన్లు తిరగరాస్తూ, భయమెరుగని వీరులను పుట్టిస్తున్నానని మురిసిపోయేవాణ్ణి. (మీద బల్లి పడితే గది వదిలి పారిపోయే మనిషిని, అది వేరే సంగతి.) ఉండటం రహమత్ నగర్‌లో అక్కావాళ్లింట్లో. చివరికి బావకు ఓపిక అయిపోయింది. "ఏంది బామ్మర్దీ, గిట్ల ఎన్ని దినాలు తిరుగుతవ్? మీ గురువు హీరోకు చెప్పే ఈ కథ ఓకే అయితే సరే. లేకుంటే సోమవారం నుంచి అమీర్‌పేటల కంప్యూటర్ క్లాసుకు పోవుడే" అని తేల్చేశాడు.

ఆ కథ వినిపించాల్సిన రోజునే మా రచయితగారి, అదే గురువుగారి, గొంతు పోయి, చెప్పే పని నామీద పడింది. జూబ్లీ హిల్స్‌లో హీరోగారి ఇంటికి వెళ్తూ, దారంతా చెవిలో గుసగుసగా పాఠం చెప్పారు. "ఒరేయ్, 'హీరో వస్తాడు' అనకు. 'మీరొస్తారు సార్' అనాలి. ఆయనకు చెప్పే పద్ధతి అది. కానీ కొట్టేటప్పుడే 'మీరు'. తన్నులు తిన్నా, ఏడ్చినా 'ఆ పాత్ర' అను. మర్చిపోయావో, మనిద్దరం మళ్లీ ఆ గేటు దాటలేం." లోపల ఏసీ చలికి పళ్లు కొట్టుకుంటున్నాయో, భయానికో నాకే తెలియలేదు.

సోఫాలో హీరోగారు, పక్కనే ఆయన మేనేజరు. "మీరు జీపు దిగుతారు సార్! మీరు నలుగుర్నీ విసిరేస్తారు సార్!" అంటూ సగం కథ బాగానే లాగించాను. అంతలో నా సీను వచ్చింది. కథ మొత్తంలో నేను సొంతంగా రాసింది అదొక్కటే. ఆ పొంగులో, ఆ వణుకులో గురువుగారి పాఠం కాస్తా గాల్లో కలిసిపోయింది. "గొడవకు వెళ్లే ముందు మీరు బాత్రూంలో తలుపేసుకుంటారు సార్. చేతులు వణికి చొక్కా గుండీ పెట్టుకోలేరు. ఊరంతా మీకోసం చూస్తోంది. మీకేమో పారిపోవాలనుంది." గొంతు లేని గురువుగారు నా తొడ గట్టిగా గిల్లారు. (మెచ్చుకుంటున్నారనుకున్నాను.)

"ఏంది తమ్మీ, సార్‌కు భయమా? జర సోయి ఉండి మాట్లాడు!" అని మేనేజరు లేచాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి. హీరోగారు చెయ్యెత్తి ఆపారు. "తర్వాత?" అన్నారు.

"గుండీ పెట్టుకోకుండానే వెళ్తారు సార్."

గురువుగారు కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటున్నారు. హీరోగారు మేనేజరును కాఫీ పురమాయించమని పంపి, నా వైపు వంగారు. "నీకెవరు చెప్పారు? మా మేనేజరా?"

"ఏది సార్?"

"సినిమా విడుదలైన రోజు పొద్దున నేను అలా తలుపేసుకుంటానని."

ఇంతసేపూ పడ్డ భయం దీని ముందు బలాదూర్. "ఎవరూ చెప్పలేదు సార్. నాకు తెలిసిన భయమే రాశాను" అని నా చేతులు చూపించాను. అవి ఇంకా వణుకుతున్నాయి. ఆయన వాటిని చూసి చిన్నగా నవ్వారు. ఆ క్షణం ఆయనమీద నాకు ఎంత ఇష్టం కలిగిందో చెప్పలేను. కాఫీతో మేనేజరు తిరిగి రాగానే ఆయన మళ్లీ నిటారుగా కూర్చున్నారు. "కథ బాగుందండీ, చేద్దాం. ఆ సీను మాత్రం తీసెయ్యండి. నేను భయపడితే జనం చూడరు."

అలా నాకు అమీర్‌పేట తప్పింది. సినిమా విడుదలైన రోజు పొద్దున్నే ఎర్రగడ్డలో మొదటి ఆటకు వెళ్లాను. తెరమీద ఆయన గుండీలన్నీ పెట్టుకుని, నవ్వుతూ గొడవకు బయల్దేరారు. హాలంతా ఈలలు. ఈ వేళప్పుడు ఆ ఇంట్లో ఆయన ఎక్కడుంటారో ఆ హాల్లో తెలిసింది నా ఒక్కడికే. వెనక సీట్లో అతను నా భుజం మీద చరిచి, "మా అన్నకు భయమంటేనే తెల్వదు!" అని అరిచాడు.

అవునవునని గట్టిగా తలూపి, అతని అరుపుకంటే పెద్ద ఈల వేశాను. ఇన్నేళ్లయినా ఆ ఈల గుర్తొస్తే నవ్వొస్తుంది, హీరోగారిమీద జాలీ వేస్తుంది.