గీతకు బయటి ఇల్లు

నేను దక్షిణాఫ్రికాలో డర్బన్ చేరేటప్పటికి అక్కడి జనమంతా మొదటిసారి ఓటు వేసి ఏడాది దాటింది. ఎవరి నోట విన్నా కొత్త దేశం, కొత్త ఇళ్ళు. నాకు దొరికిన ఉద్యోగం మాత్రం పాత ఏటితో. వరద ఎక్కడిదాకా వస్తుందో లెక్కగట్టి మ్యాపు మీద ఎర్రగీత గీయాలి. గీత లోపలి ఇళ్ళవాళ్ళకి మెరక మీద వేరే ఇల్లు ఇస్తారు. బయటివాళ్ళకి ఏమీ లేదు.

ఊరి అంచున స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, ఏటి ఒడ్డున ఒక అవ్వ ఒంటరిగా ఉండేది. ఆమె తాతలు చెరకుతోటల్లో కూలికి మన వైపు నుంచే ఓడెక్కినవాళ్ళు. నేను తెలుగువాణ్ణని తెలియగానే కుర్చీ వేసి, తనకు మిగిలిన తెలుగంతా బయటికి తీసింది. మా ముత్తాతల నాటి భాష అది. క్రియలకు తోకలు ఊడిపోయాయి. లోలోపల నవ్వుకున్నాను. చదువుకున్నవాడి పొగరు, ఇంకేముంది.

"నాయనా, నా హౌసు నీ రెడ్‌లైను లోపల పెట్టు," అంది.

మిగతావాళ్ళంతా ఇల్లు ఖాళీ చేయిస్తారేమోనని గీత బయట ఉంచమని బతిమాలేవారు. ఈమె ఒక్కతే లోపల పెట్టమంది.

"ఎందుకవ్వా?"

"మంజి వచ్చు." మంజి అంటే అక్కడి వాడుకలో నీళ్ళు. ఆ దేశంలో వానలు పడేది ఎండాకాలంలోనే. "మంజి గుమ్మం ఎక్కు, బెడ్డుకాడికి వచ్చు. మా అమ్మ టైములో ఎండాకాలం ఒకటే పెద్ద వాన. ఇప్పుడు చలికాలం కూడా వాన. నా మోకాలు బ్యాడ్ నాయనా. నేను రన్ లేదు."

నా లెక్క ప్రకారం ఆ ఇల్లు గీతకి నాలుగడుగులు బయట. అలాంటి ఇంటిని లోపలికి తేవాలంటే ఇంటివాళ్ళ మాటే ఆధారం. ఫారంలో రెండు గళ్ళు: నీళ్ళు తప్పక వస్తాయి, రావచ్చు. అవ్వ "రావచ్చు"లో మొదటి అక్షరం మింగేసిందనుకుని రెండో గడిలో టిక్కు పెట్టాను. మళ్ళీ అడిగితే నా నోరేం అరిగిపోదు. అడగలేదు. లెక్క కూడా ఆ మాటే అంటోంది కదా అని ధైర్యం. ఆ లెక్క పాత వానల పుస్తకాలది. నిన్నటి వానే రేపూ పడుతుందన్నది దాని నమ్మకం. భూమి వేడెక్కుతోందనీ వానల తీరు మారుతోందనీ అప్పటికే వింటున్నాం. మా ఆఫీసులో అది టీ తాగుతూ మాట్లాడుకునే సంగతి, అంతే.

మూడో ఏడు చలికాలంలో, మిట్టమధ్యాహ్నం ఏరు పొంగింది. పక్కింటివాళ్ళు అవ్వని బల్ల మీద కూర్చోబెట్టి, రొమ్ములోతు నీళ్ళలో మోసుకొచ్చారు. ప్రాణం దక్కింది.

పక్క ఊరు టోంగాట్‌లో ఆమె కూతురింటికి వెళ్ళి చూశాను. ఇరుకింట్లో ఓ మూల కూర్చుని ఉంది.

"నా హౌసు పోవాల. సండే ప్రేయరుకి పాస్టర్ వచ్చు," అంది.

"ఈ వారం ఎలా వస్తాడవ్వా?" అన్నాను.

"ఎవ్రీ సండే వచ్చు. టెన్ ఇయర్స్ మిస్ లేదు."

అప్పుడు తెలిసింది నాకు. ఆమె భాషలో "రావచ్చు" అన్న మాటే లేదు. వచ్చు అంటే వస్తుంది, అంతే.

మర్నాడు ఆఫీసులో నా తప్పు చెప్పుకున్నాను. మా పెద్దాయన మంచివాడే. గుడిసెల్లో ఉన్నవాళ్ళకే ఇళ్ళు చాలడం లేదన్నాడు, అదీ నిజమే. మ్యాపు మీద సంతకాలు అయిపోయాయన్నాడు. పాత పుస్తకాలు మూసేసి లెక్క కొత్తగా కట్టకపోతే ఇంకెన్నో ఇళ్ళు మునుగుతాయని మీటింగులో గొంతు చించుకున్నాను. అందరూ తలలూపారు. తర్వాతి అంశానికి వెళ్ళారు. ఆ ఊపిన తలలంటే నాకిప్పటికీ మంట.

శనివారం స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్ళాను. అవ్వ అప్పటికే తిరిగొచ్చేసింది. గోడల మీద రొమ్ము ఎత్తున బురద చార. కొలుద్దామని టేపు తెచ్చాను గాని, కొలిచి ఎవరికివ్వాలో తోచలేదు. ప్రార్థనకి వచ్చేవాళ్ళు చూస్తే సిగ్గని ఆమె సున్నం కలుపుతోంది.

"అవ్వా, నీ ఇల్లు గీత బయట ఉండిపోయిందంటే..." అని మొదలుపెట్టాను.

"నాకు తెలుసు నాయనా. నువ్వు బాగా రాసినావు. ఆఫీసువాళ్ళు విన్లేదు."

నేను కాదనలేదు. ఆమె చేతిలోంచి బ్రష్షు తీసుకుని చార మీద సున్నం కొట్టాను.